మాస్టారు కొట్టమన్నారు

తెర మీద తెల్లటి అక్షరాలు జరజరా పైకి పరిగెత్తి, గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోయాయి. ఆఖరి వరసలో ‘కెర్నెల్ పానిక్’ అని ఉంది. రూట్‌ని మౌంట్ చెయ్యలేకపోతున్నాను, ఆ బ్లాకేదో నాకు తెలియదు, సున్నా, సున్నా అని దాని పక్కనే ఇంగ్లీషులో ఒకటే ఏడుపు.

ఆ ఏడుపు ఎస్తర్ రాణికి కొత్త కాదు. క్రిస్మస్ ముందు చర్చి కంప్యూటరు కూడా ఇదే మాట పెట్టి ఏడ్చింది. ఆ కేసు ఆ రోజే అయిపోయింది. ఇదీ అంతే అనుకుంది.

“ఏటండీ, పోయినట్టేనా?” అన్నాడు గోవింద్. గొలుగొండలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతాడాయన. పెట్టెని బైకు వెనక సీటుకి తువ్వాలుతో కట్టి, పసిపిల్లని తెచ్చినట్టు నర్సీపట్నంలో ఎస్తర్ పనిచేసే కంప్యూటరు షాపుకి తెచ్చాడు. “పిల్లల మార్కులన్నీ అందులోనే ఉన్నాయి. మీరేదైనా సెయ్యండి గాని, ఫార్మాట్ అన్న మాట మట్టుకు ఎత్తకండి. మా హెడ్మాస్టరు ముందు నన్ను ఫార్మాట్ సేసేత్తాడు.”

షాపు యజమాని చిట్టిరాజు ప్రింటరు కడుపులోంచి నలిగిన కాగితం లాగుతున్నాడు. తల ఎత్తకుండానే, “కొట్టీ ఎస్తరూ, కొట్టీ. బేగి తేలిపోద్ది” అన్నాడు.

ఆ షాపులో కొట్టడమంటే ఓఎస్ మళ్లీ కొత్తగా ఎక్కించడం. ఊళ్లో ఏ కంప్యూటరు షాపుకి వెళ్లినా అదే మాట. విండోస్ కొట్టించాలంటారు, నిన్ననే ఓఎస్ కొట్టేనంటారు. పాతదంతా తుడిచిపెట్టుకుపోయి కొత్తది నీటుగా కూర్చుంటుంది. మనిషికి జ్వరమొస్తే సూది, కంప్యూటరు మొరాయిస్తే కొట్టుడు. చిట్టిరాజు వైద్యం మొత్తం అంతే. ఎర్రరు మెసేజీ చదువుతూ కూర్చునేవాళ్లంటే ఆయనకి ఒళ్లు మంట. “అది సెప్పిందల్లా రాసుకోడానికి మనం దాని పీఏలమేటి?” అంటాడు.

కానీ గోవింద్ కుర్చీ లాక్కుని పెట్టెకి కాపలాగా కూర్చున్నాడు. ఇక కొట్టడానికి లేదు. చదవక తప్పలేదు.

ఎస్తర్ ఆ వరసని అక్షరం పొల్లుపోకుండా ఫోనులో వెతికింది. నలుగురైదుగురు రాసినవి చదివింది. పెట్టె ఆపి మళ్లీ వేసి, షిఫ్ట్ మీట అదిమిపట్టింది. ఇంతకు ముందెన్నడూ సరిగ్గా చూడని ఒక మెనూ వచ్చింది. అందులో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ అన్నదాని కింద రెండు కెర్నెళ్లు ఉన్నాయి. పైన కొత్తది, దాని కింద పాతది. పాతదాని మీద పెట్టి ఎంటర్ నొక్కింది.

అక్షరాలు పరిగెత్తాయి. పరిగెత్తుతూనే ఉన్నాయి. ఈసారి ఆగలేదు. తెర వెలిగి, వార్షికోత్సవంలో నెత్తిన కిరీటాలు పెట్టుకున్న పిల్లల ఫోటో ప్రత్యక్షమైంది.

“పెట్టింది పెట్టినట్టుంది!” గోవింద్ లేచి నిలబడ్డాడు. “మీ సెయ్యి సల్లగుండాలి తల్లీ!” అని ఎదురు కొట్టుకి పోయి నిమ్మసోడాలు పట్టుకొచ్చాడు.

ఎస్తర్ సోడా అందుకుని బల్ల మీద పెట్టేసింది. క్రిస్మస్ ముందు చూసిన తెర గుర్తొచ్చింది. ఇప్పుడు ఫిబ్రవరి.

కెర్నెల్ అంటే ఇంట్లో అందరికంటే ముందు లేచే మనిషి లాంటిది. ఆ మనిషి లేచి, తాళాలు తీసి, పొయ్యి ముట్టిస్తేనే తక్కినవాళ్లు లేస్తారు. అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే కొత్త మనిషి లేస్తాడు గాని చేతిలో తాళాల గుత్తి ఉండదు. గది తలుపు తెరుచుకోదు. అప్పుడు గాభరాపడి, ఈ ఇంట్లో గదే లేదని అరుస్తాడు. గది ఉంటుంది. గదిలో సామానంతా ఉంటుంది. గుత్తి మొలకి కట్టుకున్న పాత మనిషి ఆ పక్కనే పడుకుని ఉంటాడు. ఆయన్ని లేపడానికి ఒక్క మీట చాలు.

చర్చి కంప్యూటరులోనూ ఆయన ఉన్నాడు. ఎస్తర్ లేపలేదు.

ఆ కంప్యూటరుకి లైనక్స్ ఎక్కించింది ఆమే. క్రిస్మస్ ముందు ఆదివారం ఆరాధన అయ్యాక అప్‌డేట్ పెట్టిందీ ఆమే. అది సగంలో ఉండగా కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక పెట్టె లేవలేదని కబురొచ్చింది. క్రిస్మస్ పాటల స్లైడ్లు వెయ్యాల్సింది దాంట్లోనే. మర్నాడు సాయంత్రం ప్రాక్టీసు వేళకి వెళ్లి చూస్తే తెర మీద ఆ ఏడుపు. రూట్, అన్‌నోన్ అన్న రెండు ముక్కలు కంటపడగానే చిట్టిరాజుకి ఫోన్ చేసింది. “డిస్కు పోయుంటది, కొట్టీ. ఇక్కడ జనం మూగిపోయేరు, బేగి రా” అన్నాడాయన.

సాల్మన్‌రాజు మాస్టారు అక్కడే బెంచీ మీద ఉన్నారు. ఎందరు పాస్టర్లు మారినా ఆ చర్చిలో క్వయిర్ మాత్రం ఆయన చేతిలోనే ఉండేది. మైకు అక్కర్లేని గొంతు. ఆయన కీర్తన ఎత్తుకుంటే రోడ్డు మీద పోయే ఆటో కూడా నెమ్మదించేదని చెప్పుకునేవారు. ఆ గొంతుకే కేన్సరు వచ్చింది. విశాఖలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మెడకి పెట్టిన చిన్న గొట్టాన్ని వేలితో మూసుకుంటే, ఇసక మీద రేకు ఈడ్చినట్టు నాలుగు మాటలు వస్తాయి. పాట రాదు.

ఆపరేషన్‌కి ముందు ఆయన తనకి తెలిసిన పాత కీర్తనల వరసలన్నీ పాడి పెట్టారు. ఎస్తర్ ఫోనులో రికార్డు చేసి, చర్చి కంప్యూటరులోకి ఎక్కించేది. ఫోనులో చోటు లేక, ఎక్కించినవి ఎక్కించినట్టు అందులోంచి తీసేసేది. ఇంకొక కాపీ పెన్‌డ్రైవులో పెడదాం, పెడదాం అనుకుంటూనే రోజులు గడిచాయి. ఆ తరవాత మాస్టారు ప్రాక్టీసుకి ముందే వచ్చి, తన పాట తనే పెట్టుకుని వినేవారు. విని, కుడి అరచేత్తో బెంచీ మీద తాళం వేస్తూ పిల్లల చేత పాడించేవారు. గొంతు కంప్యూటరుది, తాళం ఆయనది. క్వయిర్ అలాగే నడిచింది. అందులో ఎస్తర్‌ది ఆల్టో, అంటే ఆడగొంతుల్లో కింది వరస.

ఆ సాయంత్రం ఎస్తర్ అడిగింది. అడగకపోలేదు.

“మాస్టారూ, ఇది లేవట్లేదండి. కొట్టీమంటారా?”

ఆయన లేచొచ్చి, పెట్టెని కిందికీ మీదికీ చూసి, మెడ మీద వేలు పెట్టుకున్నారు.

“కొట్టు, కొట్టు. మా నాయిన రేడియో కూడా ఇంతే. రెండు తగిలిస్తే గాని పలికేది కాదు.”

అని, కుడిచేయి ఎత్తి ఆ రేకు పెట్టె మీద ధన్ ధన్ మని రెండు వేశారు. క్వయిర్ పిల్లలు ఘొల్లున నవ్వారు. “మాస్టారు కొట్టీసేరు, ఇంకేటి, లేస్తదిలే!” అని ఎవరో అరిచారు. ఎస్తర్ కూడా నవ్వింది. నవ్వుతున్నప్పుడే ఆమెకి తెలుసు, తను అడిగిందొకటి, ఆయన విన్నది ఒకటి అని. తెలిసి కూడా, అడిగాను, సరేనన్నారు అని మనసుకి చెప్పుకుంది. కొత్త ఓఎస్ ఉన్న పెన్‌డ్రైవు గుచ్చింది. డిస్కంతా తుడిచెయ్యి అన్నచోట టిక్కు పెట్టింది. ఖాయమేనా అని యంత్రం ఇంకోసారి అడిగింది. ఖాయమే అంది.

కొత్త ఓఎస్ కిక్కురుమనకుండా ఎక్కేసింది. పోయిన డిస్కు మీద ఇంత సుఖంగా ఎలా ఎక్కుతోంది అన్న అనుమానం చెవి దగ్గర దోమలా ఒకసారి గీ మంది. చేత్తో తోలేసింది.

“నా పాటలో?” అని అడిగారు మాస్టారు.

“డిస్కు పోయిందండి మాస్టారూ. ఏం మిగల్లేదు.”

“యంత్రం కదమ్మా. నువ్వేటి సేస్తావు” అని ఆమె తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయారు. క్రిస్మస్ నాడు పాస్టరు అయ్యగారు స్లైడ్ల సంగతి చెప్పి, మన సంఘపు బిడ్డ చదువు సంఘానికి పనికొచ్చింది అని అందరి ముందూ మెచ్చుకున్నారు. పొలం కూలికి పోయే ఎస్తర్ తల్లి కొంగు కళ్లకి అద్దుకుంది. మాస్టారి భార్య రత్నమణి స్టీలు డబ్బా నిండా పోకుండలు పంపింది. ఎస్తర్ అవి తృప్తిగా తింది. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ గుచ్చుకుంటోంది.

గోవింద్ పెట్టెని మళ్లీ తువ్వాలుతో కట్టుకుని వెళ్లాక ఆమె చిట్టిరాజుకి సంగతంతా చెప్పింది.

“అయితే ఏటంటావిప్పుడు?” అన్నాడాయన.

“డిస్కు పోలేదండి. నేనే పోగొట్టాను. చెప్పాలి కదండీ.”

“సెప్పి? పాటలు తిరిగొత్తాయేటి? ఆ పెద్దాయన ఏదో సర్దుకున్నాడు. మానిన పుండుని గోకడానికి డిగ్రీ కావాలేటి?”

“ఆయన సర్దుకున్నది అబద్ధం విని కదండీ.”

“నువ్వు సర్సిలో పుట్టావా, కోర్టులో పుట్టావా?” చిట్టిరాజు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. “కొట్టీమన్నది నాను కదా. నా పేరు సెప్పీ, పోనీ.”

ఆ మాటకి ఎస్తర్‌కి ఇంకా సిగ్గేసింది. ఆయన ఫోనులో అన్నాడు. తెర తన ఎదురుగా ఉంది.

ఆదివారం చెప్పేద్దామనుకునే చర్చికి వెళ్లింది. ఆరాధన అయింది, టీలు అయ్యాయి. మాస్టారు అప్పటికే ఇంటికి వెళ్లిపోయారు. కొత్త సంవత్సరం వచ్చిన దగ్గర్నుంచీ ఆయన ప్రాక్టీసుకీ రావడం లేదు. ఒంట్లో బాగులేదేమో అనుకున్నారందరూ. రత్నమణి చెప్పులు వెతుక్కుంటూ కనిపించింది.

“వందనాలండి. మాస్టారికి ఒంట్లో బాగుండట్లేదాండి?”

రత్నమణి అటూ ఇటూ చూసి, ఆమె చెయ్యి పట్టుకుని గోడవారకి తీసుకెళ్లింది.

“నీకు సెప్పొద్దన్నారు. అయినా సెప్తన్నాను. ఆ రోజు తన దెబ్బకే ఆ పెట్టి పోయిందని ఆయన అనుకుంటన్నారమ్మా. పైకి యంత్రం కదా అన్నారా, లోపల మట్టుకు అదే కుములుడు. ‘రత్నం, నా పాటని నా సేత్తోనే సంపుకున్నాను’ అంటన్నారు. ఆ సెయ్యి ఎత్తి తాళం ఎయ్యమంటే ఎయ్యరు. క్వయిర్‌కి నేనెందుకింక అంటారు.” ఆవిడ కళ్లు తుడుచుకుంది. “నువ్వు సదువుకున్నదానివి. అలగ దెబ్బకి పోదని ఒక్క ముక్క సెప్పమ్మా. నీ మాటైతే నమ్ముతారు.”

ఎస్తర్ అబద్ధంతో మూసిన గొయ్యిలో ఆయన పడి ఉన్నారు, ఇన్నాళ్లూ. దానికి పైన ఈ సదుపాయం ఒకటి. ఒక్క ముక్క చెబితే చాలట. దెబ్బకి పోదండి, డిస్కులు వాటంతట అవే పోతుంటాయండి. ఆయన లేచి ప్రాక్టీసుకి వస్తారు. తన మీద ఈగ వాలదు. రత్నమణి వెనకే నడుస్తూ, మాస్టారి ఇల్లున్న మిషను కాంపౌండు గేటు దాటేదాకా ఎస్తర్ ఆ ఒక్క ముక్కనే లోపల సాపు చేసుకుంటూ వెళ్లింది.

మాస్టారు వరండాలో మడత కుర్చీలో ఉన్నారు. కుడిచేయి ఒళ్లో బోర్లించి, దాని మీద ఎడమచేయి పెట్టుకుని కూర్చున్నారు.

“మాస్టారూ, అలా చేత్తో కొడితే డిస్కు పోదండి” అంది ఎస్తర్, చెప్పులైనా పూర్తిగా విప్పకుండానే. “మీవల్ల పోలేదు. నిజమండి.”

ఆయన వేలు మెడ దగ్గరికి వెళ్లింది.

“మరి దేనికి పోయిందమ్మా?”

ఆయన అడిగింది నిలదియ్యడానికి కాదు. తెలుసుకోవాలని అడిగారు. పాఠంలో అర్థంకానిది అడిగే పిల్లాడిలా అడిగారు. సాపు చేసుకున్న ముక్క ఎస్తర్ నోట్లోనే ఉండిపోయింది.

“పోలేదండి. అసలు డిస్కు పోలేదు. పాటలన్నీ దాంట్లోనే ఉన్నాయి. పాత కెర్నెల్ మీద పెట్టి ఒక్క మీట నొక్కితే లేచేది. నేను నొక్కలేదు. మొత్తం తుడిచేసి కొత్తది ఎక్కించాను.”

రత్నమణి లోపల్నించి తెస్తున్న టీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయింది.

“నువ్వు నన్ను అడిగేవు కదా” అన్నారు మాస్టారు. “కొట్టీమంటారా అని.”

“షాపులో తుడిచెయ్యడాన్నే కొట్టడం అంటామండి.”

“నాకలగ సెప్పలేదేం?”

ఇన్ని రోజులూ ఎస్తర్ తనని తను అడక్కుండా దాటేసిన ప్రశ్న అది. తెలియక అనొచ్చు. తొందరలో అనొచ్చు. రెండూ కొంత నిజమే.

“చెబితే మీరు వద్దంటారని అండి” అంది. “వద్దంటే నేను కూర్చుని ఆ మెసేజీ చదవాలి. నాకు చదివే ఓపిక లేదారోజు. మీకు అర్థం కాలేదని నాకు తెలుసు మాస్టారూ. మీరు పెట్టె మీద కొడుతున్నప్పుడే తెలుసు.”

మాస్టారు గొట్టం మీద వేలు పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. మాట రాలేదో, వచ్చినదాన్ని ఆపుకున్నారో తెలియలేదు. చివరికి గరగరమంటూ వచ్చింది.

“నాను కొట్టమన్నాను. నా గొంతు కోసీమన్లేదు.”

లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

రత్నమణి గ్లాసు ఎస్తర్ ముందు గట్టు మీద పెట్టింది. తాగమనలేదు. “సెప్పేవు. అదైనా సెప్పేవు” అంది, ఎటో చూస్తూ. అది మెచ్చుకోలో దెప్పో ఎస్తర్‌కి తెలియలేదు. రెండూ అయ్యుండొచ్చు.

మర్నాడు అయ్యగారికి కూడా జరిగింది జరిగినట్టు చెప్పి, చర్చి కంప్యూటరులోంచి డిస్కు ఊడదీసి షాపుకి తెచ్చింది. తుడిచిన డిస్కు మీద కొత్తది ఎంతమేర రాసిందో, అంతమేరా పాతది పోయినట్టే. రాయని మూలల్లో ఏమైనా మిగిలి ఉండొచ్చు. ఈ మాట క్రిస్మస్ నాడే తట్టి ఉంటే చాలా మిగిలేది. ఆ తరవాత దాని మీద ఎన్ని వీడియోలు, ఎన్ని స్లైడ్లు ఎక్కించారో. చిట్టిరాజు సణుగుతూనే మూల టేబులు ఖాళీ చేసి, బయటపడ్డవి దాచుకోడానికి పాత డిస్కొకటి ఇచ్చాడు. “గిరాకీ వత్తే మట్టుకు లేవాల” అన్నాడు. గిరాకీ వచ్చినప్పుడల్లా తనే లేచాడు.

పేర్లు లేని ముక్కలు వందలకొద్దీ బయటపడ్డాయి. ఎస్తర్ ఒక్కొక్కటే చెవికి పెట్టుకుని వింది. కొన్ని తెరుచుకోవు. కొన్నింట్లో వాన పడుతున్నట్టు గరగర. ఒకదాంట్లో కీర్తన మొదటి అక్షరం ఒక్కటి వినపడి పుటుక్కున తెగింది. శుభ్రంగా తెరుచుకున్నది ఒకటే ఒకటి. అది విని ఆమె హెడ్‌ఫోన్ తీసేసి, చాలాసేపు బల్ల మీద తల పెట్టుకుంది.

ఆ సాయంత్రమే మిషను కాంపౌండుకి వెళ్లింది. మాస్టారు వరండాలో కుర్చీలోంచి లేవలేదు. కూర్చోమనీ అనలేదు.

“పాటలు రాలేదండి. ఒక్క చిన్న ముక్క వచ్చింది. అందులో పాట లేదు. మీరు మాట్లాడింది ఉంది. మీరు వినాలంటే పెడతాను. వద్దంటే పెట్టను. ఉంచమంటే రెండు మూడు చోట్ల దాచి ఇస్తాను. తీసెయ్యమంటే తీసేస్తాను, తీసేస్తే ఇంక ఎప్పటికీ రాదు.” ఆగి, ఆయన మొహంలోకి చూసింది. “నేను చెప్పింది అర్థమైందాండి?”

ఆయన తల ఊపారు. పెట్టమని చెయ్యి చూపించారు.

ముందు కుర్చీ జరిగిన చప్పుడు. దగ్గు. తరవాత ఆ గొంతు. నిండుగా, వరండా స్తంభాల మధ్య పట్టనంత.

‘ఆపకమ్మా ఎస్తరూ, నడవనీ. రత్నం! ఓ రత్నం! ఆ మేకల్ని తోలీ, ఇక్కడ రికార్డింగు అవతంటే అవి ఆల్టో అందుకుంటన్నాయి. కాసిని నీళ్లు కూడా అట్రా... ఊఁ. ఇదుగో, ఈ వరస ఇప్పుడెవరూ పాడరు. బాగా విను.’

గుండెల నిండా గాలి పీల్చుకున్న చప్పుడు. అక్కడితో అయిపోయింది.

రత్నమణి గోడకి చేరగిలబడి అలాగే నేల మీదికి జారి కూర్చుంది. “నన్నే పిలుస్తన్నారు” అంది, మాస్టారు ఎదురుగానే ఉండగా. “ఇలగే పిలిసీవోరు. వీధి సివర్నుంచి ఇనపడీది. పాటలు పోయాయి పాటలు పోయాయని ఏడిసేం గాని, ఈ పిలుపు పోయిందని నాకు తట్టనే లేదు.”

మాస్టారు మొహం అటు తిప్పుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు. ఆయన ఏడ్చినా ఇప్పుడు చప్పుడు రాదని ఎస్తర్‌కి అప్పుడే తెలిసింది.

“ఉంచమంటారా మాస్టారూ?”

“ఆవిణ్ణి అడుగు” అన్నారు. “నాకైతే ఒద్దు. ఆవిడిది అది.”

రత్నమణి ఉంచమన్నట్టు తల ఆడించింది. ఎస్తర్ ఫోను సర్దుకుని లేచింది. మెట్ల దాకా వెళ్లాక వెనకనించి ఆ గరగర వినిపించింది.

“ఎస్తరూ. నాకు కోపం తగ్గలేదు. తగ్గిందని అబద్ధం ఆడను. తగ్గేక నానే సెప్తాను.”

“అలాగేనండి.”

“అందాకా ఇంటికి రాకు. ప్రాక్టీసు మట్టుకు మానకు. నానూ వత్తాను. నువ్వు లేపోతే ఆల్టో కుంటుతాది.”

ఆమె తల ఊపి మెట్లు దిగుతుంటే, రత్నమణి కొంగుతో మొహం తుడుచుకుంటూ వెనకాలే వచ్చింది.

“ఉండమ్మా. ఎల్లేముందు ఇంకొక్కసారి పెట్టు.”

ఎస్తర్ మాస్టారి వైపు చూసింది. ఆయన వద్దనలేదు. కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆయన అడుగుల చప్పుడు ఆగేదాకా ఉండి, ఎస్తర్ ఆ మెట్టు మీదే రత్నమణి పక్కన కూర్చుని ముక్కని మొదటికి జరిపింది.